తారల తుదిగతి నెఱిగిన చంద్రశేఖరుడు

ఆకసమున మెఱయు తారలు శాశ్వతములని మనకు తోచును. కాని వానికిని పుట్టుక, ముసలితనము, మరణము కలవు. తారల మరణమును గూర్చి చిన్న వయస్సుననే ఒక సత్యమును కనుగొని, లోకము దానిని అంగీకరించువఱకు ఓర్పుతో నిలిచిన మహనీయుడు సుబ్రహ్మణ్య చంద్రశేఖరుడు.

ఆయన 1910వ సంవత్సరము అక్టోబరు 19వ తేదీన లాహోరు నగరమున ఒక తమిళ కుటుంబమునందు జన్మించెను. తండ్రి సుబ్రహ్మణ్య అయ్యరు రైల్వే లెక్కల శాఖలో ఉద్యోగి. విఖ్యాత శాస్త్రజ్ఞుడు సి. వి. రామను ఆయన పినతండ్రి. తల్లి సీతాలక్ష్మి, ఇబ్సెను అను నార్వే దేశపు నాటకకర్త రచించిన ఒక నాటకమును తమిళమునకు అనువదించిన విదుషి. పన్నెండేండ్ల వయస్సు వఱకు బాలునకు ఇల్లే పాఠశాల. తల్లియొద్ద తమిళమును, తండ్రియొద్ద ఇంగ్లీషును, గణితమును నేర్చెను. పిదప మద్రాసున ట్రిప్లికేను హిందూ ఉన్నత పాఠశాలలోను, ప్రెసిడెన్సీ కళాశాలలోను చదివి, 1930లో ప్రభుత్వ విద్యార్థివేతనముతో కేంబ్రిడ్జికి ఓడలో పయనమయ్యెను.

ఆ ఓడలోనే ఆయన చేసిన లెక్క శాస్త్రచరిత్రలో నిలిచిపోయినది. ఇంధనము హరించిన తార తన బరువునకు తానే క్రుంగి శ్వేతకుబ్జ తారగా మారును. అందలి ఎలక్ట్రానుల ఒత్తిడి ఆ క్రుంగుటను ఆపును. తారలన్నింటికిని ఇదియే తుదిగతి యని నాటి పండితుల తలంపు. చంద్రశేఖరుడు ఐన్‌స్టీను సాపేక్ష సిద్ధాంతమును జోడించి గణించెను. సూర్యుని ద్రవ్యరాశికి సుమారు 1.4 రెట్లు మించినచో ఆ ఒత్తిడి చాలదనియు, తార ఇంకను క్రుంగవలసినదే యనియు తేలెను. అప్పటికి ఆయన వయస్సు 19 ఏండ్లు మాత్రమే.

1935 జనవరి 11వ తేదీన లండనునందలి రాయల్ ఖగోళ సంఘములో ఆయన ఈ విషయమును వివరించెను. వెంటనే నాటి ఖగోళజ్ఞులలో అగ్రగణ్యుడైన ఎడ్డింగ్టను లేచి, ప్రకృతి అట్టి విపరీతమును సహింపదని పరిహసించెను. సభ నవ్వెను. చంద్రశేఖరుని లెక్క సరియైనదని ఎఱిగిన పెద్దలు సైతము బహిరంగముగ పలుకరైరి. ఆ యువకుడు తన లెక్కను విడువలేదు, కలహమునకును దిగలేదు. 1937లో అమెరికాలోని చికాగో విశ్వవిద్యాలయమున చేరి, క్రొత్త క్రొత్త విషయములను పరిశోధించుచు, ఒక్కొక్కదానిపై ఒక్కొక్క మహాగ్రంథమును రచించెను. తన్ను పరిహసించిన ఎడ్డింగ్టను శతజయంతికి 1982లో కేంబ్రిడ్జి వెళ్లి, ఆయన ప్రతిభను కొనియాడుచు ఉపన్యసించెను. మఱుసటి యేట, 1983లో, చంద్రశేఖరునకు నోబెలు బహుమానము లభించెను. ఓడలోని లెక్కకు అప్పటికి 53 ఏండ్లు! 1995 ఆగస్టు 21వ తేదీన ఆయన చికాగోలో పరమపదించెను.

పరిమితిని మించి క్రుంగిన తారలే న్యూట్రాను తారలును, కృష్ణబిలములును అగుచున్నవి. కృష్ణబిలము కంటికి కానరాదు; కాని దానిలో పడబోవు వాయువు మిక్కిలి వేడెక్కి ఎక్స్-కిరణములను వెదజల్లును. వానిని భూమి వాతావరణము అడ్డగించును గనుక దూరదర్శిని ఆకసమునకు ఎగయవలసినదే. 1999 జూలై 23వ తేదీన అట్టి దూరదర్శినిని అమెరికా వారు ప్రయోగించిరి. దానికి పేరు పెట్టుటకై నిర్వహించిన పోటీలో గెలుపొందినవారు ఒక ఉన్నత పాఠశాల విద్యార్థియు, ఒక ఉపాధ్యాయినియు. వారు సూచించిన పేరు చంద్ర.

ఎక్స్-కిరణములు మామూలు అద్దమున ప్రతిఫలింపవు. అందుచే చంద్రలో పీపాల వలె ఒకదానిలో ఒకటి అమర్చిన అద్దములు వానిని ఏటవాలుగా తాకించి ఒకచోటికి చేర్చును. మన నక్షత్రవీథి నడుమ సూర్యునికి సుమారు 40 లక్షల రెట్లు ద్రవ్యరాశిగల కృష్ణబిలము కలదు. సాధారణముగ మిక్కిలి మసకగానుండు ఆ తావు 2000 అక్టోబరులో కొన్ని గంటలపాటు పెక్కు రెట్లు మెఱయుటను చంద్ర కనిపెట్టెను. ఆకసమునందలి మఱియొక చిన్న భాగమును అనేక సంవత్సరములలో, మొత్తము 70 లక్షల సెకండ్లు, అనగా సుమారు 81 దినములు చూచి, మిణుకుమిణుకుమను దూరపు కృష్ణబిలములను సైతము లెక్కించెను.

విద్యార్థులారా! మసకవెలుగును చూచుటకు ఓర్పు వలయును. నవ్విన సభలో తన సత్యమును కాపాడుకొనుటకును అట్టి ఓర్పే వలయును. ఆ ఓర్పు గలవాని పేరే ఆ దూరదర్శినికి అమరినది.