మేడమ్ వాకర్

తిక్కన సోమయాజి తెనిగించిన విరాటపర్వంలో ద్రౌపది అజ్ఞాతవాసానికి ఎన్నుకొన్నది సైరంధ్రి వృత్తి. సుదేష్ణాదేవికి కురులు దిద్దడం, మైపూతలు సిద్ధపరచడం, పూదండలు కూర్చడం ఆమె పని. అరువదినాలుగు కళలలో కేశసంస్కారానికి చోటిచ్చిన మన పూర్వులు, ఆ కళ తెలిసిన స్త్రీని మాత్రం పరిచారికగానే చూశారు. తిక్కన నడయాడిన నెల్లూరికి చేరువలో, సముద్రతీర మండలమైన తోటపల్లి గూడూరులో ఇంటర్మీడియట్ ముగించి ఈ వృత్తిలో ప్రవేశించదలచిన బాలికకు నేడు రెండు మూడు దారులున్నాయి. బ్యూటీ పార్లరులో సహాయకురాలిగా చేరి చూసి నేర్చుకోవచ్చు. రుసుము చెల్లించి స్వల్పకాలిక శిక్షణ పొందవచ్చు. ఐటీఐలో ఏడాది కాస్మటాలజీ కోర్సు చదవవచ్చు. ఏ దారిలో వెళ్ళాలన్న ఈ ప్రశ్న నూరేళ్ళకు పూర్వమే అమెరికాలో ఒక నల్లజాతి స్త్రీ జీవితాన్ని మలుపు తిప్పింది.

ఆమె అసలు పేరు సారా బ్రీడ్‌లవ్. 1867 డిసెంబరు 23న లూసియానా రాష్ట్రంలోని డెల్టా వద్ద జన్మించింది. తల్లిదండ్రులు పత్తి తోటలలో బానిసలుగా బ్రతికినవారు. ఆ యింట స్వేచ్ఛాజీవిగా పుట్టిన తొలి బిడ్డ సారాయే. ఏడేళ్ళకు తల్లిదండ్రులను కోల్పోయింది. పదునాలుగవ యేట వివాహమాడింది. ఇరవై యేళ్ళకే పసిబిడ్డతో వితంతువైంది. క్షురకవృత్తిలో ఉన్న అన్నలను ఆశ్రయించి సెయింట్ లూయిస్ నగరం చేరి, బట్టలుతికి జీవించింది. రోజుకు డాలరున్నరకు మించని ఆ సంపాదనతోనే కుమార్తె లీలియాను కళాశాలకు పంపింది. తన చదువు మాత్రం నామమాత్రమే.

ఆ రోజులలో పేదల ఇండ్లకు నీటి వసతి లేదు. తలంటి అరుదు. సబ్బులు ఘాటైనవి. తలచర్మం పుండ్లుపడి జుట్టు రాలిపోయేది. సారాకూ అదే దుఃస్థితి కలిగింది. జుట్టును గూర్చిన తొలిపాఠాలు అన్నల వద్ద విన్నది. తరువాత, కేశసంరక్షణ వ్యాపారంలో అప్పటికే పేరుగాంచిన ఆనీ మలోన్ అనే నల్లజాతి వనిత వద్ద ప్రతినిధిగా చేరి, ఇంటింటికీ తిరిగి లేపనాలు అమ్ముతూ పని నేర్చింది. చేతిలో రుసుము లేని స్త్రీకి అంతకుమించిన పాఠశాల లేదు.

1905లో డెన్వర్ నగరానికి వెళ్ళి వంటపని చేస్తూ సొంతంగా లేపనం తయారుచేసింది. 1906లో చార్లెస్ జోసెఫ్ వాకర్‌ను వివాహమాడి, మేడమ్ సి.జె. వాకర్ అన్న పేరుతో అమ్మకం సాగించింది. మందు తనకు కలలో తెలిసిందని ఆమె చెప్పుకొన్నది. తన మందునే అనుకరించిందని మలోన్ నిందించింది. కల మాట అటుంచితే, అందులోని గంధకం తలచర్మ వ్యాధులకు అంతకు ముందునుండీ వాడుకలో ఉన్నదే. వేడిదువ్వెనను ఆమెయే కనిపెట్టిందనే మాట కూడా నిజం కాదు. ఆమె గొప్పదనం మందులో కంటె బోధనలో ఉన్నది.

1908లో పిట్స్‌బర్గ్‌లో కుమార్తె పేరిట లీలియా కళాశాలను స్థాపించింది. తలచర్మ పరీక్ష, శుభ్రత, మర్దనం, కేశాలంకరణ అక్కడ పాఠ్యాంశాలు. ఊరు విడిచి రాలేనివారికి 25 డాలర్ల రుసుముతో తపాలా ద్వారా పాఠాలు పంపేవారు. ఆమె పూర్వపు కూలితో లెక్కిస్తే అది పదిహేడు రోజుల కష్టం, తక్కువేమీ కాదు. అయినా బట్టలుతికే స్త్రీలు ఆ రుసుము చెల్లించి చేరారు. శిక్షణ ముగిసిన చేతికి వెంటనే పని దొరకడమే అందుకు కారణం.

1910లో ఇండియానాపొలిస్‌కు తరలి కర్మాగారం నెలకొల్పింది. వృత్తివిద్యకు పేరొందిన టస్కెగీ విద్యాసంస్థలో తన శిక్షణను పాఠ్యాంశంగా చేర్చమని కోరగా, దాని అధిపతి బుకర్ టి. వాషింగ్టన్ అంగీకరించలేదు. ఇటుకలు పేర్చడం విద్య అయిన చోట తల దువ్వడం విద్య కాకపోవడం వింతయే! 1912లో షికాగోలో ఆయన నడిపిన వ్యాపారుల మహాసభలో ఆమెకు మాట్లాడే అవకాశమూ ఇవ్వలేదు. చివరి దినాన ఆమె తానే లేచి నిలిచి, పత్తి చేలనుండి కర్మాగారం దాకా సాగిన తన కథను సభకు వినిపించింది. మరుసటి ఏడాది అదే సభ ఆమెను ఆహ్వానించి ప్రసంగింపజేసింది.

1917లో ఫిలడెల్ఫియాలో తన ప్రతినిధులను సమావేశపరచి, అమ్మకాలలోనే గాక దానధర్మాలలోనూ ముందున్నవారికి బహుమతులు ఇచ్చింది. 1919 మే 25న, యాభై ఒకటవ యేట కన్నుమూసింది. 1927లో ఇండియానాపొలిస్‌లో ఆమె పేరిట వెలసిన భవనంలో నాటకశాల, మందుల దుకాణంతోపాటు సౌందర్య విద్యాలయమూ ఉండేది.