జడ్జి కుర్చీ దిగి ఎన్నికకు వెళ్లిన కోకా సుబ్బారావు

పిల్లలూ, చట్టసభ, ప్రభుత్వం, కోర్టు అని మూడు విభాగాలుంటాయని, ఒకదాని పనిలో ఇంకొకటి చెయ్యి పెట్టకూడదని మీరు సాంఘిక శాస్త్రంలో చదివే ఉంటారు. ఆ హద్దు కోసం గట్టిగా నిలబడి, తర్వాత అదే హద్దు దాటారన్న మాట పడ్డ ఒక తెలుగు జడ్జి గురించి ఈసారి తెలుసుకోండి.

కోకా సుబ్బారావు గారు 1902 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. మద్రాసులో లా చదివి, అక్కడే ప్రాక్టీసు చేసి, 1948లో మద్రాసు హైకోర్టు జడ్జి అయ్యారు. 1954లో గుంటూరులో పెట్టిన ఆంధ్ర హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1958లో సుప్రీంకోర్టుకు వెళ్లి, 1966 జూన్ 30న భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

భూ పరిమితి చట్టం మీద పంజాబులోని గోలక్‌నాథ్ కుటుంబం వేసిన కేసులో 1967 ఫిబ్రవరి 27న తీర్పు వచ్చింది. పౌరుల ప్రాథమిక హక్కులను రాజ్యాంగ సవరణతో కూడా పార్లమెంటు తగ్గించలేదని 11 మంది జడ్జీల్లో ఆరుగురు తేల్చారు. ఆ ఆరుగురిలో ముఖ్యులు సుబ్బారావు గారు. పాత సవరణలను మాత్రం వాళ్లు కదిలించలేదు.

ఆ తర్వాత ఆరు వారాలకే, రిటైరవడానికి ఇంకా మూడు నెలలుండగా, ఏప్రిల్ 11న ఆయన రాజీనామా చేసి ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి పదవికి పోటీ చేశారు. జాకిర్ హుస్సేన్ గారి చేతిలో ఓడిపోయారు. ప్రభుత్వానికి ఎదురుగా తీర్పిచ్చిన జడ్జి వెంటనే ప్రతిపక్ష అభ్యర్థి కావడంతో, తీర్పును కూడా అనుమానంగా చూసేవాళ్లకు అవకాశం దొరికింది.

1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసు తీర్పు వచ్చింది. రాజ్యాంగాన్ని సవరించవచ్చు గానీ, దాని మౌలిక స్వరూపాన్ని మార్చకూడదని అందులో చెప్పారు. ఆ వెంటనే ప్రభుత్వం ముగ్గురు సీనియర్ జడ్జీలను పక్కనపెట్టి, వాళ్ల కంటే జూనియరైన ఎ.ఎన్. రే గారిని ప్రధాన న్యాయమూర్తిని చేసింది. ఆ ముగ్గురూ ప్రభుత్వ వాదన ఒప్పుకోని వాళ్లే. వాళ్లలో కర్ణాటకకు చెందిన కె.ఎస్. హెగ్డే గారు ఒకరు. ముగ్గురూ రాజీనామా చేశారు.

సుబ్బారావు గారు 1976లో కన్నుమూశారు. జడ్జిగా ఆయన చేసింది చిన్నది కాదు. అయినా రాజకీయం కోర్టులోకి రాకూడదంటే ప్రభుత్వం ఆగితే చాలదు, జడ్జి కూడా ఆగాలి. రిటైరయ్యాక జడ్జీలు పదవులు తీసుకోవచ్చా? ఇవాళ ఇంట్లో అమ్మానాన్నలతో మాట్లాడి చూడండి.