కట్టె విమానం కట్టినాయన

మదనపల్లె నుంచి అమ్మ మురుకులు పంపిన అట్టపెట్టెను ఒకసారి అడ్డంగా చింపి చూశాను. పైన ఒక కాగితం, కింద ఒక కాగితం, మధ్యలో అలలు అలలుగా మడిచిన ఇంకో కాగితం. విడివిడిగా చూస్తే మూడూ చేత్తో నలిపేయొచ్చు. అతికిస్తే మాత్రం నా లావు పుస్తకాలన్నీ మోస్తుంది. మెకానికల్ వాళ్లు దీన్ని శాండ్‌విచ్ స్ట్రక్చర్ అంటారట. నేను సీఎస్ఈ, నాకు తినే శాండ్‌విచ్ ఒక్కటే తెలుసు. ఇదేంటో వెతుకుతూ పోతే ఒక పెద్దాయన దొరికాడు. పేరు జెఫ్రీ డి హావిలాండ్.

1882లో ఇంగ్లండులో ఒక చర్చి ఫాదరు ఇంట్లో పుట్టాడు. ఇంజనీరింగ్ చదివాడు, ఉద్యోగాలు చేశాడు, ఏదీ నచ్చలేదు. విమానం చేస్తానంటే తాత వెయ్యి పౌండ్లు చేతిలో పెట్టాడు. (మా తాతనడిగితే ఏమంటాడో నాకు తెలుసు.) రెక్కల మీద గుడ్డను భార్య లూయీ కుట్టింది. 1909 డిసెంబరులో అది గాల్లోకి లేచిన కాసేపటికే రెక్క విరిగి కింద పడింది. వాడిన చెక్క బలహీనమైంది. ఆయన బతికి బయటపడి, ఇంకోటి కట్టి, 1910 సెప్టెంబరులో సెవెన్ బారోస్ అనే పచ్చికబయలు మీద ఎగిరాడు.

1920లో సొంత కంపెనీ పెట్టాడు. సీతాకోకచిలుకలన్నా, చిమ్మటలన్నా ఆయనకు పిచ్చి. అందుకే చిన్న విమానాలకు మాత్ అని, అంటే చిమ్మట అని పేరు పెట్టాడు. 1932లో జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి టపా తెచ్చింది పస్ మాత్‌లోనే. అక్కడి నుంచి విన్సెంట్ అనే పైలట్ బళ్లారి మీదుగా మద్రాసుకు తీసుకొచ్చాడు.

ఇక అసలు సంగతి. రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొస్తోంది, అల్యూమినియానికి కరువు. మెటల్ విమానాల కాలంలో ఈయన చెక్కతో బాంబర్ చేస్తానన్నాడు. పైగా తుపాకులు కూడా వద్దు, వేగమే కాపాడుతుంది అన్నాడు. అధికారులు చాలామంది ఒప్పుకోలేదు. ఫ్రీమన్ అనే ఒక్క పెద్ద అధికారి నమ్మి 1940 మార్చిలో యాభై విమానాలకు ఆర్డరు ఇప్పించాడు.

దాని పొట్ట మొత్తం శాండ్‌విచ్చే. బయటా లోపలా బర్చ్ ప్లైవుడ్, మధ్యలో సెంటీమీటరు దళసరి బాల్సా. బాల్సా అంటే ఈక్వెడార్ నుంచి వచ్చే, దూదిలాంటి తేలికైన చెక్క. ఒక పలకను వంచితే ఒక వైపు నలుగుతుంది, ఇంకో వైపు సాగుతుంది. పని ఎక్కువగా పడేది ఈ రెండు వైపులకే. మధ్యలో ఉన్నది వాటిని దూరంగా, జారిపోకుండా పట్టుకుంటే చాలు. కాబట్టి అక్కడ బరువైన సరుకు పెట్టడం దండగ. కుప్పం గ్రానైట్ ఎంత గట్టిదైనా దాన్ని ఎగరేయలేం కదా. బరువు ఆనే చోట్ల మాత్రం బాల్సా తీసేసి గట్టి చెక్క ముక్కలు పెట్టేవాళ్లు. శెనక్కాయ రెండు తొక్కల్లా పొట్టను రెండు సగాలుగా అచ్చుల మీద చేసి, వైర్లు, పైపులు లోపల బిగించాక కలిపి అతికించేవాళ్లు. ఈ పనిలోకి ఫర్నిచర్ చేసేవాళ్లు, పియానోలు చేసేవాళ్లు కూడా వచ్చారు.

1940 నవంబరు 25న పెద్ద కొడుకు జెఫ్రీయే దాన్ని మొదటిసారి ఎగరేశాడు. పేరు మస్కిటో. గంటకు ఆరువందల కిలోమీటర్లు దాటి పోయింది. మొత్తం 7,781 తయారయ్యాయి.

మొదట్లో వాడిన జిగురు కేసిన్, అంటే పాల నుంచి తీసింది. పుంగనూరు ఆవు పాలతో విమానం అతికించొచ్చా అని మా కుప్పం రూమ్మేట్ అడిగాడు. వాడు నవ్వుకే అడిగాడు గానీ 1944లో అది నవ్వులాట కాదు. మనకు దగ్గరలోనే ఉన్న యలహంకలో పైలట్లు మస్కిటో మీద ట్రైనింగ్ తీసుకుని బర్మా వైపు వెళ్లారు. ఆ ఏడాది చివర్లో కొన్ని విమానాలు గాల్లోనే విరిగిపోయాయి, మనుషులు పోయారు. జెఫ్రీ తమ్ముడు హియర్‌వర్డ్ చూడ్డానికి ఇండియా వచ్చాడు. మొదట నేరం మన ఎండ మీదా తేమ మీదా పడింది. తర్వాత చూస్తే కొన్ని ఫ్యాక్టరీల్లో అతుకులే సరిగ్గా కలవలేదని, మధ్యలో ఖాళీలు ఉన్నాయని తేలింది. నాకైతే ఈ భాగమే మనసులో నిలిచిపోయింది. డిజైన్ కాగితం మీద ఎంత బాగున్నా, స్కిన్‌కీ కోర్‌కీ మధ్య జిగురు పట్టకపోతే అది విడివిడి పలకలే.

ఇంట్లో దెబ్బలు ఇంకా పెద్దవి. చిన్న కొడుకు జాన్ 1943 ఆగస్టులో రెండు మస్కిటోలు ఢీకొని చనిపోయాడు. మస్కిటోను మొదట ఎగరేసిన జెఫ్రీ 1946 సెప్టెంబరు 27న కొత్త జెట్‌ను పరీక్షిస్తూ పోయాడు. లూయీ ఆ దిగులులోంచి తేరుకోలేదు, 1949లో కన్నుమూసింది. అదే ఏడాది, ఆయన పుట్టినరోజు జూలై 27నే, కామెట్ అనే ప్యాసింజర్ జెట్ మొదటిసారి ఎగిరింది. అదీ తర్వాత కూలింది, 1953లో ఒకటి కలకత్తా దగ్గరే. ఇద్దరు కొడుకుల్ని మింగిన పనిని ఆయన ఎలా కొనసాగించాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆయన కంపెనీ వాంపైర్ జెట్‌లను బెంగళూరు హెచ్ఏఎల్‌లో కూడా కట్టారు. జెట్ యుగంలోనూ దాని ముందు భాగం ప్లైవుడ్, బాల్సాలే! ఇప్పుడు బాల్సా చోట తేనెపట్టులాంటి అల్యూమినియం గదులు వచ్చాయి. శ్రీహరికోట నుంచి పోయే ఉపగ్రహాల పలకల్లో ఉండేది అదే.

1965 మే 21న, 82 ఏళ్ల వయసులో ఆయన పోయాడు. చితాభస్మాన్ని 1910లో మొదటిసారి సరిగ్గా ఎగిరిన ఆ సెవెన్ బారోస్ మీదే చల్లారు.