యల్లాప్రగడ సుబ్బారావు: శిశురోగచికిత్సలో ఆయన కృషి

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించినారు. సోదరులిద్దరు కొద్దిరోజుల వ్యవధిలో స్ప్రూ అనే వ్యాధికి బలియైనారు. మన శాస్త్రపరిభాషలో దానిని గ్రహణీభేదమని చెప్పవచ్చును. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి శస్త్రచికిత్సాలయానికి వెళ్లినందుకు ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టంతో తృప్తిపడవలసి వచ్చింది. ఆ అన్యాయమే ఆయనను ఆయుర్వేద కళాశాలలో శారీరాధ్యాపకునిగా చేసింది. దేశీయౌషధాల శక్తిని ఆధునికపద్ధతిలో నిరూపించాలన్న తపన అక్కడే కలిగింది.

1923లో బోస్టన్ చేరినారు. మరుసటి సంవత్సరం స్వదేశంలో పుట్టిన కుమారుడు ఏడాది నిండకుండానే విసర్పవ్యాధితో మరణించినాడు. తండ్రి ఆ బిడ్డను చూడనే లేదు.

1940లో లెడర్లీ సంస్థలో చేరిన పిమ్మట ఆయన బృందం సాధించిన ఫలితాలు ఈ దుఃఖాల సరసన ఉంచి పరిశీలింపదగినవి. ఫోలిక్ ఆమ్లం స్ప్రూ రోగుల రక్తహీనతకు ఔషధమైంది. దానికి విరోధియైన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ సోకిన బాలలకు ఇవ్వగా, కొందరికి తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగింది. 1948లో ప్రకటితమైన ఆరియోమైసిన్ విసర్పకారకాల వంటి సూక్ష్మజీవులపై పనిచేసేది. దాదాపు ఇరవై నాలుగేళ్లు ఆలస్యం!

శ్లీపదానికి ఆయన బృందమే డైఇథైల్‌కార్బమజీన్‌ను అందించింది. మాధవనిదానం చదివినవారికి శ్లీపదం కొత్త పేరు కాదు. కాలు ఉబ్బేది యౌవనంలోనైనా, దోమకాటుతో క్రిమి ప్రవేశించేది తరచు బాల్యంలోనే. అందుచేతనే వ్యాధిపీడిత మండలాలలో రెండేళ్లు దాటిన పిల్లలకు కూడ ఆ మాత్రలు ఇస్తున్నారు.

స్వదేశానికి తిరిగి రాకుండానే 1948 ఆగస్టులో, 53వ యేట, ఆయన కన్నుమూసినారు.