గుడ్డు లోపల ఏముందో చెప్పని మనిషి



ఈ నెల నర్సరీ నుంచి రెండో తరగతి దాకా ఆర్ట్ అండ్ క్రాఫ్ట్ పీరియడ్ అంశం కోడిగుడ్డు. ఖాళీ పెంకులు, పాత గుడ్ల ట్రేలు దాచి పంపమని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ బ్రాంచీల పిల్లల డైరీల్లో ఇప్పటికే రాశాం. గుడ్డు పెంకుతో నేర్చుకునేదేముంది, చదువు చెప్పక ఈ చెత్తంతా ఎందుకు అని మీలో కొందరికైనా అనిపించి ఉంటుంది. అందుకే ఈసారి ప్రముఖుల జీవితాల శీర్షికలో, కేవలం గుడ్ల వల్ల ప్రపంచమంతా పేరు నిలిచిపోయిన ఒకాయన కథ చెబుతున్నాం. పిల్లలకు మీరే చదివి వినిపించండి.

ఆయన పేరు పీటర్ కార్ల్ ఫాబెర్జే. 1846 మే 30న, అప్పటి రష్యా రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టారు. తండ్రి గుస్తావ్‌కు అక్కడ ఒక నగల దుకాణం ఉండేది. వాళ్ల పూర్వీకులు ఫ్రాన్సు వాళ్లు. మత విశ్వాసం కారణంగా ఊరు వదిలి, దేశాలు తిరిగి చివరికి రష్యా చేరిన కుటుంబం. కార్ల్‌కు పద్నాలుగేళ్లప్పుడు తండ్రి దుకాణాన్ని నమ్మకస్తులకు అప్పజెప్పి, ఇంటిల్లిపాదినీ జర్మనీలోని డ్రెస్డెన్‌కు తీసుకెళ్లారు. అక్కడి నుంచి కుర్రాడు యూరప్ తిరిగాడు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక స్వర్ణకారుడి దగ్గర పని నేర్చుకున్నాడు. ఫ్లోరెన్స్‌లో, పారిస్‌లో పాతకాలపు వస్తువులను గంటల తరబడి చూశాడు. మార్కులు రాని చదువు అంటే ఇదే.

1872లో దుకాణం ఆయన చేతికి వచ్చింది. అదే సంవత్సరం అగస్టాతో పెళ్లి. మన గద్వాల బజారులోని ఏ బంగారు దుకాణం యజమానైనా అప్పుడు ఏం చేస్తాడు? గల్లాపెట్టె చూసుకుంటాడు. ఫాబెర్జే ఆ పక్కనే ఇంకో పని పెట్టుకున్నారు. రాజుగారి మ్యూజియమైన హెర్మిటేజ్‌కు వెళ్లి, విరిగిన పాత నగలను బాగు చేసేవారు. జీతం లేదు. ఏళ్ల తరబడి చేశారు. రెండు వేల ఏళ్ల కిందటి బంగారు కడియాన్ని చేతుల్లోకి తీసుకుని తిప్పి చూసే అవకాశం దొరుకుతుంటే ఆయనకు అదే జీతం అనిపించి ఉండాలి. 1882లో మాస్కోలో జరిగిన ప్రదర్శనలో అలాంటి పాత కడియానికి నకలు చేసి పెట్టారు. ఏది పాతదో ఏది కొత్తదో మూడవ అలెగ్జాండర్ చక్రవర్తి పోల్చుకోలేకపోయారట. ఫాబెర్జే పేరు అక్కడి నుంచి రాజభవనం దాకా వెళ్లింది.

గుడ్ల కథ 1885లో మొదలవుతుంది. రష్యాలో ఈస్టర్ పెద్ద పండుగ. ఆ రోజు ఒకరికొకరు రంగు వేసిన కోడిగుడ్లు ఇచ్చుకుంటారు. పేదవాళ్ల ఇళ్లలో ఆ రంగు ఉల్లిపొట్టుదే. మీరూ ఇంట్లో చేయొచ్చు. రెండు మూడు గుప్పెళ్ల ఉల్లిపొట్టును నీళ్లలో మరగబెట్టి, ఒక చెంచా వెనిగర్ కలిపి, అందులో గుడ్లు ఉడికిస్తే ఇటుక రంగు వస్తుంది. వేసే ముందు ఒక చిన్న ఆకును గుడ్డుకు అద్ది, పాత నైలాన్ గుడ్డతో బిగించి కడితే, విప్పాక ఆకు అచ్చు తెల్లగా నిలుస్తుంది. పసుపు నీళ్లలో ఉడికించిన గుడ్డు మీద సున్నపు తేట చుక్కలు పెడితే ఎర్రబడతాయి. పారాణి ఎలా అవుతుందో మన అమ్మమ్మలందరికీ తెలుసు కదా. కాకపోతే సున్నం పని పెద్దవాళ్లదే, పిల్లల చేతికి ఇవ్వకండి. అలా రంగు వేసిన గుడ్లు చూడటానికే, తినడానికి కాదు. ఇక్కడ ఒక చిన్న చుట్టరికం కూడా ఉంది. మన ప్రాంతంలోని మెన్నొనైట్ బ్రెదరెన్ చర్చిలను మొదలుపెట్టిన అమెరికా మిషనరీల్లో చాలామంది, రష్యా సామ్రాజ్యం నుంచి అమెరికాకు వలస వెళ్లిన కుటుంబాల వాళ్లే.

చక్రవర్తి తన భార్య మరియా ఫియోదొరోవ్నాకు ఆ ఏడు ఈస్టర్ కానుకగా ఒక గుడ్డు చేయమని ఫాబెర్జేను అడిగారు. ఫాబెర్జే తెచ్చింది చూడటానికి మామూలు కోడిగుడ్డులాగే ఉంది. తెల్లటి ఎనామిల్ పూత, వజ్రం లేదు, పచ్చ లేదు. మధ్యలో తెరిస్తే లోపల మెరుపు తగ్గించిన బంగారంతో పచ్చసొన. సొనను తెరిస్తే చిన్న బంగారు కోడి, దానికి కెంపు కళ్లు. కోడి కూడా తెరుచుకుంటుంది. దాని లోపల ఒక బుల్లి కిరీటం, ఒక కెంపు ఉండేవి. ఆ రెండూ తర్వాత ఎక్కడో పోయాయి.

మహారాణికి అది ఎంత నచ్చిందంటే, అప్పటి నుంచి ప్రతి ఈస్టర్‌కూ ఒక గుడ్డు అనేది ఆనవాయితీ అయిపోయింది. మూడవ అలెగ్జాండర్ తర్వాత ఆయన కొడుకు రెండవ నికోలస్ తల్లికి ఒకటి, భార్యకు ఒకటి చొప్పున చేయించారు. మొత్తం 50 గుడ్లు రాజభవనానికి వెళ్లాయి. షరతులు పెద్దగా లేవు. గుడ్డు ఆకారంలో ఉండాలి, లోపల ఒక వింత ఉండాలి, చేసింది మళ్లీ చేయకూడదు. ఆ వింత ఏమిటో చక్రవర్తికి కూడా ముందుగా చెప్పేవారు కాదు. డబ్బిచ్చేది ఆయన, దేశమంతా ఆయనది, అయినా పండుగ దాకా ఆగాల్సిందే.

1900 నాటి గుడ్డు గురించి రైలంటే ఇష్టపడే పిల్లలకు తప్పకుండా చెప్పండి. అప్పటికి సైబీరియా మీదుగా వేసిన కొత్త రైలు మార్గం మ్యాపును గుడ్డు పైన చెక్కారు. లోపల మడత పెట్టి ఉంచిన బంగారు రైలు. తీసి సాగదీస్తే సుమారు ఒక అడుగు పొడవు. బుల్లి తాళంచెవితో కీ ఇస్తే నడుస్తుంది. హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్తే పిల్లలు ఎక్కడ ఆగుతారో మీకు తెలుసు. గంట కొట్టడానికి ఆ గడియారంలోంచి చిన్న మనిషి బయటికొచ్చే చోట. అంత పెద్ద మ్యూజియంలో అన్నిటికంటే ఎక్కువ జనం ఉండేది అక్కడే. మూసి ఉన్నది తెరుచుకోవడంలో ఉన్న సంతోషాన్ని పట్టుకుని ఫాబెర్జే ముప్పై ఏళ్లు పని చేశారు.

ఇంతకీ ఈ గుడ్లను ఫాబెర్జే తన చేతులతో చేయలేదు. ఆయన ఆలోచన ఇచ్చేవారు, బొమ్మలు పరిశీలించేవారు, బాగా లేనిదాన్ని వెనక్కి పంపేవారు. చేసింది పనివాళ్లు. మంచి రోజుల్లో ఆయన దగ్గర దాదాపు 500 మంది ఉండేవారు. గుడ్లలో చాలా వాటికి మేస్త్రీగా ఉన్న మిఖాయిల్ పెర్ఖిన్ పల్లెటూరి రైతుబిడ్డ. 1897 నాటి గుడ్డులో పెట్టిన పట్టాభిషేకపు బగ్గీ నాలుగు అంగుళాలు కూడా ఉండదు. చక్రాలు తిరుగుతాయి, తలుపులు తెరుచుకుంటాయి. దాన్ని చేయడానికి గియోర్గ్ స్టెయిన్ అనే పనివాడికి 15 నెలలు పట్టింది. ఫాబెర్జే మధ్యలో చేయి పెట్టి తొందరగా ముగించలేదు. వజ్రాలు ఎన్ని అన్నదాన్ని బట్టి వస్తువు విలువ కట్టేవాళ్లంటే ఆయనకు పెద్దగా గౌరవం ఉండేది కాదు. దాంట్లో ఎంత ఆలోచన ఉంది, ఎంత పనితనం ఉంది అనేదే ఆయన చూసేవారు.

ఈ మాట మన దగ్గర కాస్త గట్టిగానే చెప్పుకోవాలి. బడి ప్రాజెక్టుల ప్రదర్శనల్లో టేబుళ్ల మీద కనిపించేవాటిలో సగం పిల్లలవి కావని మీకూ తెలుసు, మాకూ తెలుసు. కొన్ని అమ్మలవి, కొన్ని అన్నయ్యలవి, కొన్ని నేరుగా స్టేషనరీ షాపువి. నాలుగేళ్ల పాప అతికించిన పెంకు వంకరగానే ఉంటుంది. రాత్రి పాప నిద్రపోయాక మీరు దాన్ని సరిచేస్తే, పొద్దున లేచి చూసిన పాపకు అది తనది కాదని అర్థమవుతుంది. పైకి ఏమీ అనకపోవచ్చు. తర్వాతిసారి తనంతట తాను ఏదీ మొదలుపెట్టదు.

ఫాబెర్జే దగ్గర పని చేసిన ఆల్మా పీల్ సంగతి ఇక్కడ చెప్పాలి. 1888లో పుట్టిన ఈమె పెద్దగా శిక్షణ లేకుండానే ఇరవయ్యేళ్ల వయసులో మేనమామ వర్క్‌షాపులో చేరింది. పూర్తయిన నగల బొమ్మలు పుస్తకంలో గీసి పెట్టడం ఆమె ఉద్యోగం. ఖాళీ దొరికినప్పుడు సొంతంగా డిజైన్లు గీసుకునేది. చలికాలంలో కిటికీ అద్దం మీద పేరుకున్న మంచు గీతలను చూసి నగ డిజైన్ చేసింది. అదే ఆలోచనతో 1913లో స్ఫటికంతో ఒక గుడ్డు, దాని లోపల తెల్ల పూల బుట్ట. మరుసటి ఏడు ఆమె అత్తగారు చలిమంట దగ్గర కూర్చుని గుడ్డ మీద గళ్ల లెక్కతో కుట్టు వేస్తుంటే, దారాలు వెలుగులో మెరవడం ఆమె కంట పడింది. అచ్చం ఆ కుట్టులాగే ప్లాటినం జల్లెడ గళ్లలో రంగు రాళ్లు పొదిగిన గుడ్డు తయారైంది. దాని లోపల చక్రవర్తి ఐదుగురు పిల్లల ముఖాలు చిత్రించిన పతకం. ఆ గుడ్డు ఇప్పుడు బ్రిటన్ రాజకుటుంబం సేకరణలో ఉంది.

గద్వాల తల్లిదండ్రులకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. మగ్గం ఎక్కే ముందు అంచు డిజైన్ గళ్ల కాగితం మీదే కదా పుడుతుంది. నూలు ఒంటికి పట్టు అంచును దారంలో దారం వేసి కలిపే పని మీ వీధిలోనే జరుగుతుంటే, పిల్లల్ని ఒక గంట అక్కడ కూర్చోబెట్టండి. తర్వాత గళ్ల నోటుబుక్కు ఇచ్చి గుడ్డు బొమ్మ గీయించి, ఒక్కో గడికి ఒక్కో రంగు వేయించండి. పెంకు ముక్కలతో కూడా ఇదే చేయొచ్చు. పెంకులను సబ్బుతో కడిగి, పది నిమిషాలు మరిగించి, లోపలి పలుచటి పొర తీసేసి ఎండబెట్టాలి. అట్ట మీద జిగురు రాసి, పెంకు పెట్టి బొటనవేలితో నొక్కితే చిటపటమంటూ విరిగి పరుచుకుంటుంది. పిల్లలకు ఆ చప్పుడే సగం ఆట. మొనలు గుచ్చుకుంటాయి కాబట్టి పక్కనే ఉండండి. అయిపోయాక చేతులు సబ్బుతో కడిగించండి.

ఫాబెర్జే కథలో తర్వాతి భాగం చీకటిది. 1914లో యుద్ధం వచ్చింది. పనివాళ్లలో చాలామంది సైన్యానికి వెళ్లారు, బంగారం దొరకడం కష్టమైంది. 1916లో చక్రవర్తికి చేసిన గుడ్డు ఉక్కుది, నాలుగు ఫిరంగి గుండ్ల మీద నిలబెట్టింది. 1917 ఈస్టర్ కోసం బర్చ్ కట్టెతో ఒకటి తయారవుతుండగా చక్రవర్తి గద్దె దిగిపోయారు. ఫాబెర్జే ఆ గుడ్డు బిల్లును బిరుదులేవీ లేకుండా, మామూలు మనిషికి రాసినట్టు ఆయన పేరు మీద రాశారు. 1918లో కొత్త ప్రభుత్వం దుకాణాన్ని స్వాధీనం చేసుకుంది. అదే ఏడాది జులైలో చక్రవర్తి కుటుంబాన్ని, ఆ పతకం మీది ఐదుగురు పిల్లలతో సహా చంపేశారు. ఫాబెర్జే దేశం విడిచి రీగా మీదుగా జర్మనీకి, అక్కడి నుంచి స్విట్జర్లాండ్‌కు చేరారు. 1920 సెప్టెంబర్ 24న లోజాన్ దగ్గర కన్నుమూశారు. పనివాళ్లు తలో దిక్కుకూ చెదిరిపోయారు. ఆల్మా పీల్ ఫిన్లాండ్ వెళ్లి, కూసాన్‌కోస్కి అనే ఊళ్లో బడిపిల్లలకు చాలా ఏళ్లు డ్రాయింగ్ టీచరుగా పని చేశారు. రాజభవనానికి గుడ్లు డిజైన్ చేసిన సంగతి పెద్దగా చెప్పుకోలేదు.

గుడ్లూ చెదిరిపోయాయి. కొన్నిటి జాడ ఇప్పటికీ తెలియదు. 1887 నాటి గుడ్డు అలా పోయిందే. అమెరికాలో పాత బంగారం కొని కరిగించడానికి అమ్ముకునే ఒక వ్యాపారి దాన్ని సుమారు 14,000 డాలర్లకు కొన్నాడు. కరిగిస్తే పెట్టిన డబ్బు కూడా రాదని తేలడంతో వంటింట్లో పెట్టుకున్నాడు. 2012లో ఇంటర్నెట్‌లో వెతికితే అసలు సంగతి తెలిసింది. 2014లో లండన్‌లో దాన్ని జనం చూడటానికి పెట్టారు. తూకం ఎక్కువ ఉంటే ఈపాటికి ఏ గొలుసుగానో మారిపోయేది.

ఇక మన ప్రాజెక్టు. మీ బాబు లేదా పాప ఈ నెలాఖరులోగా తెరిస్తే లోపల ఏదో ఒకటి ఉండే గుడ్డును చేయాలి. గుడ్డు తినని ఇళ్లవాళ్లు ఇబ్బంది పడొద్దు. చిన్న బెలూన్ ఊది, దాని మీద మైదా జిగురుతో పేపరు ముక్కలు నాలుగైదు పొరలుగా అతికించి, రెండు మూడు రోజులు ఎండనివ్వండి. బెలూన్ పగలగొట్టాక గట్టి గుడ్డు మిగులుతుంది. చేర్యాల మాస్కులు చేసేవాళ్లు చింతగింజల జిగురు వాడతారు, ఓపికుంటే అది ఇంకా గట్టిగా ఉంటుంది. మధ్యలోకి కోయడం పెద్దవాళ్ల పని. లోపల పల్లికాయ తొక్కతో చేసిన పడవ ఉండొచ్చు, కొల్లాపూర్ మామిడి ఆకు మీద గీసిన బొమ్మ ఉండొచ్చు, తాతయ్య ఫొటో ఉండొచ్చు. కొనుక్కొచ్చిన స్టిక్కర్లు, మెరుపు పొడి వద్దు. పైన అక్షరాలు రాయాలంటే పిల్లలే రాయాలి, వంకరగా ఉన్నా సరే.

బడికి పంపేటప్పుడు పాత ట్రే ముక్కలో పెట్టి పంపండి, బస్సులో పగలకుండా ఉంటుంది. లోపల ఏం పెట్టారో పిల్లల్ని మీరు అడగకండి, మేమూ అడగం. ప్రదర్శన రోజు వాళ్లే తెరిచి చూపిస్తారు.