ఎక్స్-కిరణముల ద్రష్ట రాంట్జెన్

చెట్టుపైనుండి జారిపడిన బాలుని చేయి వాచినది. ఎముక విరిగినదో, కేవలము బెణికినదో పైకి చూచిన తెలియదు. నేడు అట్టి బాలుని ఆసుపత్రికి కొనిపోయినచో కొలది నిమిషములలో వాని ఎముక ఛాయాచిత్రము వైద్యుని కన్నుల యెదుట నిలుచును. 1895వ సంవత్సరమునకు పూర్వము ఈ సౌకర్యము లేదు. వైద్యుడు వ్రేళ్లతో తడిమి, రోగి మూలుగు విని, ఊహచేతనే చికిత్స చేయవలసి యుండెను. శరీరమును కోయకయే దాని లోపలి భాగములను చూచు మార్గమును లోకమునకు చూపిన మహనీయుడు విల్‌హెల్మ్ కొన్రాడ్ రాంట్జెన్.

రాంట్జెన్ 1845వ సంవత్సరము మార్చి 27వ తేదీన, నేటి జర్మనీ దేశమందలి లెన్నెప్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి బట్టల వర్తకుడు. తల్లి హాలెండు దేశపు కుటుంబమునకు చెందినది. ఆ దంపతులకు ఆయన యొక్కడే సంతానము. ఆయన మూడవయేట వారు హాలెండులోని అపెల్‌డూర్న్ పట్టణమునకు తరలిపోయిరి. బాల్యమున రాంట్జెన్ చదువులో అసాధారణమైన ప్రజ్ఞ యేమియు చూపలేదు. పొలములలోను అడవులలోను తిరుగుట యన్నను, చిన్నచిన్న యంత్రములను తన చేతులతో కూర్చుట యన్నను ఆయనకు మిక్కిలి మక్కువ.

ఆయన ఉట్రెక్ట్ నగరమందలి సాంకేతిక పాఠశాలలో చదువుచున్న కాలమున ఒక విద్యార్థి ఉపాధ్యాయుని వికృతముగా చిత్రించెను. ఆ చిత్రమును గీచినవాడు రాంట్జెన్ కాడు. అయినను నేరము ఆయనపై పడెను. తోటివాని పేరు వెల్లడించుటకు ఆయన ఒప్పుకొనలేదని చెప్పుదురు. పాఠశాల ఆయనను వెడలగొట్టెను. యోగ్యతాపత్రము లేని యువకునకు విశ్వవిద్యాలయముల ద్వారములు మూతపడెను. కాని స్విట్జర్లండులోని జూరిచ్ నగరమందలి సాంకేతిక విద్యాలయము ప్రవేశపరీక్షలో నెగ్గినవారిని చేర్చుకొనునని విని, ఆయన 1865లో అచ్చటికి పోయి యంత్రశాస్త్రము నభ్యసించెను. 1869లో డాక్టరు పట్టము పొందెను. 1872లో బెర్తా లుడ్విగ్ అను యువతిని వివాహమాడెను.

డాక్టరు పట్టము పొందిన పిమ్మట ఆయన తన గురువైన కుంట్ పండితునికి సహాయకుడై వూర్జ్‌బర్గ్ నగరమునకు పోయెను. పూర్వపు చదువు క్రమముగా సాగలేదను కారణముచేత ఆ విశ్వవిద్యాలయము ఆయనకు అధ్యాపకపదవి నొసగలేదు. రాంట్జెన్ నిరుత్సాహపడక ఇతర నగరములలో పనిచేసి కీర్తి గడించెను. 1888లో అదే విశ్వవిద్యాలయము ఆయనను ఆహ్వానించి భౌతికశాస్త్రాచార్యునిగా నియమించెను. 1894లో ఆయన దానికి అధిపతి యయ్యెను.

1895వ సంవత్సరము నవంబరు 8వ తేదీ సాయంకాలమున రాంట్జెన్ తన ప్రయోగశాలలో పనిచేయుచుండెను. గాలిని దాదాపు పూర్తిగా తీసివేసిన ఒక గాజుగొట్టములో విద్యుత్తును ప్రవహింపజేసి, అందు కలుగు మార్పులను ఆయన పరిశీలించుచుండెను. వెలుతురు బయటకు రాకుండ గొట్టమును నల్లని అట్టతో కప్పెను. గది యంతయు చీకటి. అంతలో కొంత దూరమున నున్న, రసాయనపు పూత పూసిన తెర యొకటి మెరయజొచ్చెను. కాంతి యెక్కడనుండి వచ్చినది? విద్యుత్తును ఆపగా మెరపు ఆగెను. మరల ప్రవహింపజేయగా మరల మెరసెను. కంటికి కనబడని కిరణమేదో ఆ గొట్టమునుండి వెలువడి, అట్టను దాటి వచ్చుచున్నదని ఆయన గ్రహించెను.

ఇతరులైనచో ఆ రాత్రియే వీధిలోనికి పోయి చాటియుందురు. రాంట్జెన్ అట్లు చేయలేదు. తన కన్నులు తన్ను మోసగించుచున్నవేమో యని ఆయన శంక. ఏడు వారములు ప్రయోగశాల విడువక, భోజనము నిద్ర గూడ అచ్చటనే కానిచ్చి, పరీక్షలు సాగించెను. కాగితము, కొయ్య, లావు పుస్తకము వీనిని కిరణములు దాటిపోయెను. సీసము వానిని అడ్డగించెను. గొట్టమునకును తెరకును నడుమ చేయి నుంచగా మాంసము మసకగా, ఎముకలు నల్లని నీడలుగా కనబడెను. బీజగణితమున తెలియని రాశికి ఎక్స్ అని పేరిడుట వాడుక. అట్లే స్వభావము తెలియని ఈ కిరణములకు ఆయన ఎక్స్-కిరణములని పేరిడెను.

ఈ పరిశోధనలో ఆయనకు ఇద్దరు సాక్షులు దొరకిరి. మొదటి సాక్షి మెరయు తెర. అది చిత్రమును తత్‌క్షణమే చూపును గాని, విద్యుత్తు ఆగగానే అంతయు మాయమగును. రెండవ సాక్షి ఫోటోగ్రాఫు పలక. అది ఆలస్యముగా చూపును గాని, చూపినదానిని చెరగనీయక నిలుపును. డిసెంబరు 22వ తేదీన ఆయన భార్య చేతిని అట్టి పలకపై నుంచి, సుమారు 15 నిమిషములు కిరణములను ప్రసరింపజేసెను. పలకపై వ్రేళ్ల ఎముకలును, ఉంగరమును స్పష్టముగా కనబడెను. తన మరణమునే చూచినట్లు ఆమె భయపడినదని చెప్పుదురు.

డిసెంబరు 28వ తేదీన రాంట్జెన్ తన వ్యాసమును వూర్జ్‌బర్గ్‌లోని వైద్య భౌతికశాస్త్ర సంఘమున కందజేసెను. 1896 జనవరిలో ఆ వార్త లోకమంతట వ్యాపించెను. కొలది వారములలోనే వైద్యులు విరిగిన ఎముకలను, దేహములో దిగిన తుపాకిగుండ్లను ఈ కిరణములతో కనుగొనసాగిరి. ఆయన కోరియున్నచో యీ పద్ధతిపై పేటెంటు పొంది కోటీశ్వరుడై యుండును. కాని ఆ విజ్ఞానము మానవులందరి సొత్తని తలచి, ఆయన పేటెంటు తీసికొనలేదు. 1901లో భౌతికశాస్త్రమున మొట్టమొదటి నోబెల్ బహుమానము ఆయనకే లభించెను. ఆ ధనమును ఆయన వూర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయమునకు దానమిచ్చెను.

1900లో ఆయన మ్యూనిక్ నగరమునకు పోయి అచ్చటనే స్థిరపడెను. 1919లో బెర్తా మరణించెను. మొదటి ప్రపంచయుద్ధానంతరము జర్మనీలో నాణెము విలువ పడిపోగా ఆయన కూడబెట్టిన ధనము కరగిపోయెను. ధనికుడు కాదగిన యాయన 1923 ఫిబ్రవరి 10వ తేదీన ఇబ్బందుల నడుమనే కన్నుమూసెను.

ఆయన వాడిన పలకల స్థానమును పిమ్మట ఫిల్ములు ఆక్రమించెను. ఫిల్ముపై వెండి లవణముల పూత యుండును. చీకటి గదిలో రసాయన ద్రవములలో ముంచి, కడిగి, ఆరబెట్టినచో, కిరణములు సోకిన చోటు నల్లగను, ఎముక అడ్డిన చోటు తెల్లగను తేలును. సూక్ష్మమైన గీతలు సైతము ఇందు చక్కగా తెలియును. కాని కిరణముల మోతాదు తప్పినచో చిత్రము చెడి, రోగిని మరల కిరణములకు గురిచేయవలసి వచ్చెడిది. మూలమైన ఫిల్ము పోయినచో చిత్రము పోయినట్లే.

1980వ దశకము మొదలు డిజిటల్ పద్ధతి వ్యాపించెను. ఇందు ఫిల్మునకు బదులు ఒక గ్రాహక ఫలకము కిరణములను అందుకొనును. ఆ సంకేతములను కంప్యూటర్ అంకెలుగా మార్చి, తెరపై చిత్రముగా కూర్చును. చీకటి గదితో పని లేదు. నలుపు తెలుపులను కావలసినట్లు సవరింపవచ్చును. దూరమున నున్న వైద్యునికి నిమిషములో పంపవచ్చును. రాంట్జెన్ ఇద్దరు సాక్షులును ఇచ్చట ఒక్కటైరి: ఇది తెరవలె త్వరగా చూపును, పలకవలె నిలుపుకొనును.

అయినను ఇందొక అపాయము కలదు. మోతాదు మించినచో ఫిల్ము నల్లబడి ఆ తప్పును బయటపెట్టెడిది. డిజిటల్ యంత్రము చిత్రమును సవరించి ఆ తప్పును కప్పివేయును. ఎక్స్-కిరణములు మితిమీరినచో దేహమునకు హాని చేయును. తొలినాళ్లలో ఆ సంగతి తెలియక పలువురు చర్మము కాలి వ్రేళ్లు కోల్పోయిరి. ఎడిసన్ సహాయకుడైన క్లారెన్స్ డాలీ 1904లో ప్రాణములే కోల్పోయెను. కావున యంత్రము ఎంత నేర్పు గలదైనను, దానిని నడపు మానవునకు జాగరూకత యవసరము.

పలక పోయి ఫిల్ము వచ్చెను. ఫిల్ము పోయి ఫలకము వచ్చెను. కిరణము మాత్రము అదియే. తన కన్నులనే శంకించి, ఏడు వారములు పరీక్షించి గాని నోరు విప్పని ఆ శాస్త్రజ్ఞుని సత్యనిష్ఠయు, తన సంపదను లోకమునకు విడిచిన ఆయన త్యాగమును ఏ యంత్రమునకును పాతపడునవి కావు.