మన్రో దొర – మన్రోలప్ప



మన్రో అనేది స్కాట్లండుకు చెందిన ఇంటిపేరు. అక్కడివారు చివరి అక్షరాన్ని ఒత్తి పలుకుతారు. అమెరికా అధ్యక్షుడు జేమ్స్ మన్రో, ‘సాకి’ అనే కలంపేరుతో కథలు రాసిన హెక్టర్ మన్రో, 2013లో నోబెల్ బహుమతి పొందిన ఆలిస్ మన్రో ఈ ఇంటిపేరుతో ప్రసిద్ధులు. మన రాయలసీమ రైతులు మాత్రం ఆ ఇంటిపేరునే మన్రోలప్ప అని మార్చి తమ బిడ్డలకు పెట్టుకున్నారు. దానికి కారకుడు సర్ థామస్ మన్రో.

ఆయన 1761లో గ్లాస్గోలో జన్మించారు. కంపెనీ సైన్యంలో చేరి 1780లో మద్రాసుకు వచ్చారు. నిజాం నవాబు సీడెడ్ జిల్లాలను కంపెనీకి ఇచ్చిన 1800లో అక్కడ ప్రధాన కలెక్టరుగా నియమితులయ్యారు. అనంతపురం ముఖ్య కేంద్రంగా, ఏడేళ్లు డేరాలలో మకాం చేస్తూ ఊరూరా తిరిగారు. పొలాలు కొలిపించి, మధ్యవర్తి లేకుండా రైతుతోనే నేరుగా శిస్తు నిర్ణయించే రైత్వారీ పద్ధతిని నెలకొల్పారు.

ఆ శిస్తు తక్కువేమీ కాదు. అది భారమని ఆయనే గ్రహించి, 1807లో సెలవుపై వెళ్లేముందు నాలుగో వంతు తగ్గించాలని పైవారికి సిఫారసు చేశారు. అప్పట్లో అది చెల్లలేదు. 1820లో మద్రాసు గవర్నరుగా తిరిగి వచ్చాక ఆ తగ్గింపు అమలు చేయించారు. భారతీయ ఉద్యోగులకు తగిన జీతం, పెద్ద బాధ్యతలు ఇవ్వనిదే పాలన బాగుపడదని 1824లో ప్రభుత్వానికి రాశారు. ఉద్యోగం చేసిన మనం ఆ సంగతి మరువరాదు.

1826లో భార్య, చిన్నకొడుకు స్వదేశానికి వెళ్లిపోయారు. తానూ పదవి వదలి వెళ్లవలసి ఉండగా, చివరిసారిగా సీమ ప్రజలను చూడాలని 1827 వేసవిలో బయలుదేరారు. దారిలో బిడారులో కలరా సోకింది. జులై 6న పత్తికొండలో కన్నుమూశారు. గుత్తి కోట కింద ఖననం చేశారు. తరువాత అస్థికలను 1831లో మద్రాసు సెయింట్ జార్జి కోటలోని చర్చికి తరలించారు.

మద్రాసు నగరంలో గుర్రంపై ఆయన కంచు విగ్రహం నిలబెట్టారు. అది ప్రభువులు, ధనికులు కలసి చూపిన గౌరవం. పొలం గట్టున ఓ తల్లి మన్రోలప్పా అని కొడుకును కేకవేసి పిలవడం వేరు. పదవీ విరమణ చేసినవారికి అంతకంటే మంచి పింఛను ఏముంటుంది?